పునాది ఒక్కటే అయితే మళ్ళీ బాప్తిస్మం ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మూడు తరాలుగా లూథరన్ సంఘంలో ఉన్నాము. మా అమ్మాయికి ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబంతో సంబంధం కుదిరింది. ఇరువైపులా యేసునే ప్రభువుగా నమ్ముకున్నవాళ్ళమే కదా అని నిశ్చింతగా ఉంటే, పెండ్లికి ముందు అమ్మాయి మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలని అక్కడి పాస్టరుగారు అన్నారట. పసితనంలో పొందినది చెల్లదా? ఒకే యేసును నమ్మేవారి మధ్య ఈ గోడలేమిటి?
– ఒక తండ్రి

జవాబు: ముందు గోడల సంగతి చూద్దాము. మీ తాతగారు లూథరన్ అయినదీ, మీ వియ్యంకులవారి తాతగారు బాప్టిస్టు అయినదీ సిద్ధాంతాలను పక్కపక్కన పెట్టి తూచి చూసుకొని కాదు. 1842లో అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరుకు వచ్చి పని ప్రారంభించినందువల్ల ఆ చుట్టుపక్కల లూథరన్ సంఘాలు వెలిశాయి. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు, ఒంగోలులలో స్థిరపడినందువల్ల అక్కడివారు బాప్టిస్టులయ్యారు. మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, కడప వైపు లండన్ మిషనువారు, దోర్నకల్‌లో ఆంగ్లికన్లు, కాకినాడలో కెనడా బాప్టిస్టులు పనిచేశారు. ఒకరు దున్నే చేలో మరొకరు నాగలి పెట్టకూడదని మిషన్లు చేసుకున్న ఒప్పందాలే మన పల్లెల్లో ఎవరు ఏ సంఘమో చాలావరకు నిర్ణయించాయి. మీ ఊరి సమాధుల తోటకు వెళ్ళినప్పుడు గమనించండి: ఎవరైనా కీర్తన ఎత్తుకుంటే లూథరన్లూ బాప్టిస్టులూ పుస్తకం తెరవకుండానే ఒకే రాగంలో అందుకుంటారు. పురుషోత్తము చౌదరి గారి కీర్తన పాడేటప్పుడు, అది బాప్టిస్టు వ్రాసినదని మానేసిన లూథరన్‌ను నేనింతవరకు చూడలేదు.

అయితే యేసు మీది విశ్వాసం ఒక్కటే ఉంటే మిగిలినవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని అనుకోకూడదు. 1919లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో, దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య గారు ముందుండగా, దక్షిణ భారత సంఘాల సేవకులు కూడి ఐక్యతకు నాలుగు ఆధారాలు ప్రతిపాదించారు: పరిశుద్ధ గ్రంథము, అపొస్తలుల మరియు నీకయ విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనమనే రెండు సంస్కారాలు, చారిత్రక బిషప్పు పదవి (అంటే పూర్వంనుండి పరంపరగా వస్తున్నది). యేసు ఎవరన్న విషయంలో వారికి పేచీ లేదు, క్రీ.శ. 325లో నీకయ పట్టణంలో కూడిన సంఘ పెద్దల సభలో, తండ్రితో సమానమైన దైవత్వంగలవాడని ఒప్పుకొన్న ఆయననే అందరూ ఆరాధిస్తున్నారు. పేచీ వచ్చినదల్లా నాలుగవ దాని దగ్గర, అంటే బిషప్పు చేతులుంచకుండా అభిషేకం పొందిన పాస్టరు పరిచర్యను ఎలా చూడాలన్న దగ్గర. దాన్ని తేల్చుకోవడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడేనాటికి అజరయ్య గారు లేరు. 1945 జనవరి 1ననే కన్నుమూశారు. పాత పాస్టర్లకు మళ్ళీ అభిషేకం చేయకుండానే అందరినీ చేర్చుకొని, అక్కడినుండి జరిగే అభిషేకాలన్నీ బిషప్పుల చేతులమీదుగా జరగాలని నిర్ణయించారు. ఇది నచ్చక నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు కొన్ని చాలా ఏళ్ళు విడిగా ఉండిపోయాయి. లూథరన్లూ బాప్టిస్టులూ ఆ కలయికలో చేరనే లేదు. మీ ఇంట్లో ఇప్పుడు వచ్చిన చిక్కు అలా మిగిలిపోయిన దానిలోనిదే.

ఇక బాప్తిస్మం. దేవుని కృప ముందు, మన విశ్వాసం దానికి జవాబు, కనుక పసిబిడ్డకు కూడా ఇవ్వవచ్చునని మీ సంఘం నమ్ముతుంది. విశ్వసించి నోటితో ఒప్పుకొన్నవారికే, అదీ నీళ్ళలో ముంచి ఇవ్వాలని బాప్టిస్టులు నమ్ముతారు. ఆ పాస్టరుగారు మీ అమ్మాయిని అవమానించాలని అలా అనలేదు. ఆయన లెక్కలో అది రెండవ బాప్తిస్మం కాదు, మొదటిది. మీ లెక్కలో మాత్రం రెండవదే. మీ బాధ కూడా న్యాయమైనదే. 1982లో ప్రపంచ సంఘాల సమితి విశ్వాస శాఖ పెరూ దేశపు లీమాలో ఆమోదించిన పత్రం, బాప్తిస్మం ఒక్కసారి జరిగేదనీ, తిరిగి ఇస్తున్నట్లు కనిపించే పనిని మానుకోవాలనీ చెప్పింది. నా మొగ్గు అటే. పెండ్లి అనే కారణం మీద ఎవరి మనస్సాక్షినీ నీళ్ళలోకి నెట్టకూడదు. "మాకు ఏ డినామినేషనూ లేదు" అని చెప్పుకొనే కొత్త సంఘాలవారు దీనికి సులువైన మందు చూపవచ్చు గానీ, కొరింథులో "నేను క్రీస్తువాడను" అన్నవారిని కూడా పౌలు కక్షల జాబితాలోనే చేర్చాడని మరచిపోవద్దు.

అందుచేత ముహూర్తానికి ముందే, ఇద్దరు పాస్టర్లనూ ఒకచోట కూర్చోబెట్టి మూడు సంగతులు అడగండి: బాప్తిస్మం లేకుండా పెండ్లి జరిపిస్తారా, ఆ తరువాత అమ్మాయిని ప్రభువు బల్లకు, అంటే ప్రభురాత్రి భోజనానికి, రానిస్తారా, సభ్యత్వం ఆమె మీ సంఘంలోనే ఉంచుకోవచ్చునా. సభ్యత్వం ఇవ్వకపోయినా, బల్లలో పాలుపొందనిచ్చే బాప్టిస్టు సంఘాలున్నాయి. జవాబులు విన్నాక నిర్ణయం మీదీ కాదు, వియ్యంకులవారిదీ కాదు, అమ్మాయిని అడగండి. మీ ఉత్తరంలో ఆమె ఏమనుకుంటున్నదో ఒక్క ముక్క కూడా లేదు.