సొలిసిటర్ అడిగిన ఆ ప్రశ్నకి ముందు జవాబివ్వండి

ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ నుంచి ఒక పాఠకుడు రాశారు. 3,20,000 పౌండ్ల ఇల్లు చూశారు, 90 శాతం మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) మంజూరైంది. చేతిలో 38,000 ఉన్నాయి, అందులో 32,000 డిపాజిట్‌కి. స్కిల్డ్ వర్కర్ వీసా, ఒక్క జీతం, మూడేళ్ల పాప. హైదరాబాద్‌లో నాన్నగారితో కలిపి ఒక ఫ్లాట్ ఉంది, తన సగం విలువ 45,000 పౌండ్ల దాకా ఉంటుందట. ఆయన కోపమంతా సొలిసిటర్ (ఇల్లు కొనే కాగితాల పని చూసే లాయరు) మీదే: 750 పౌండ్లని ఒప్పుకుని ఇప్పుడు 1,450 దాకా తెచ్చారు, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు అడుగుతున్నారు, పైగా ‘మీకు గానీ మీ భార్యకి గానీ ప్రపంచంలో ఎక్కడైనా ఇల్లు ఉందా’ అని ఫారంలో ఒక ప్రశ్న. వచ్చే శుక్రవారం కాంట్రాక్టుల ఎక్స్చేంజ్, అంటే ఒప్పందానికి రెండు వైపులా కట్టుబడే రోజు. సొలిసిటర్‌ని మార్చేయనా, ఫ్లాట్ సంగతి చెప్పాలా, ఫీజులకీ ఫర్నిచర్‌కీ 10,000 పర్సనల్ లోన్ తీసుకుని ‘అది నా సేవింగ్సే’ అంటే సరిపోతుందని ఫ్రెండ్ అన్నాడు, నిజమేనా అని ఆయన ప్రశ్నలు.

మీ మూడు ప్రశ్నల్లో సొలిసిటర్‌ని మార్చడం అనేది అసలు సమస్యే కాదు. ఆ ఫారంలో మీరు ఖాళీగా వదిలేసిన గడి ఉంది చూశారా, అదే సమస్య. ఇలాంటి ఉత్తరాలు మనవాళ్ల నుంచి నాకు తరచూ వస్తాయి కాబట్టే ఇది అందరికీ కనబడేలా రాస్తున్నాను.

మీరు 1,000 పౌండ్లు అనుకున్న స్టాంప్ డ్యూటీ మొదటిసారి ఇల్లు కొనేవాళ్లది. 3,00,000 దాకా ఏమీ లేదు, పైన 20,000 మీద 5 శాతం, లెక్క సరిగ్గానే వేశారు. కానీ మొదటిసారి అంటే ఇంగ్లండ్‌లో మొదటిసారి అని కాదు, ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ ఇల్లు లేనివాళ్లని అర్థం. హైదరాబాద్ ఫ్లాట్‌లో సగం మీ పేరున ఉన్న రోజే ఆ రాయితీ పోయింది. మామూలు రేటు ప్రకారం ఈ ఇంటికి 6,000 అవుతుంది. అక్కడితో ఆగదు. మీ వాటా 40,000 దాటింది కాబట్టి ఇది మీకు రెండో ఇల్లు కింద లెక్క, 2024 అక్టోబర్ 31 నుంచి దాని మీద అదనంగా 5 శాతం, అదీ మొత్తం ధర మీద. అంటే ఇంకో 16,000. వెరసి 22,000 పౌండ్లు.

వెయ్యి ఎక్కడ, ఇరవై రెండు వేలు ఎక్కడ. ఇప్పుడు మళ్లీ కూడండి: డిపాజిట్ 32,000, పన్ను 22,000, సొలిసిటర్, సర్వే అన్నీ కలిపి 2,000. 56,000 కావాలి, ఉన్నవి 38,000. ఇంత లోటు పెట్టుకుని మీరు శుక్రవారం ఎక్స్చేంజ్‌కి వెళ్తున్నారు.

‘చెప్పకపోతే ఎవరు చూస్తారు’ అన్న ఫ్రెండ్ మాట పక్కన పెట్టండి. స్టాంప్ డ్యూటీ రిటర్న్ సొలిసిటర్ నింపినా అది మీ రిటర్న్. మీరు తప్పు చెబితే పన్ను, వడ్డీ, పెనాల్టీ అన్నీ మీ ఇంటికే వస్తాయి, ఆ ఫ్రెండ్ ఇంటికి కాదు. ఇక లోన్‌ని సేవింగ్స్ అని చెప్పడం ఇంకా పెద్ద తప్పు. ఆ ఆరు నెలల స్టేట్‌మెంట్లు ఊరికే అడగలేదు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడటం మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం వాళ్ల బాధ్యత. పైగా మార్ట్‌గేజ్ ఉన్నప్పుడు చాలాసార్లు అదే సొలిసిటర్ బ్యాంకు తరఫున కూడా పని చేస్తారు. మీ ఖాతాలో ఒకే రోజు 10,000 పడితే అది కనిపిస్తుంది, కనిపిస్తే బ్యాంకుకి చెప్పాలి, చెప్పడానికి మీరు ఒప్పుకోకపోతే వాళ్లు కేసు వదిలేయాలి. తెలిసి అబద్ధం చెప్పి అప్పు తీసుకోవడం మోసం కిందికి వస్తుంది, చట్టం దానికి వేరే పేరు పెట్టలేదు. వీసా మీద ఉన్న మనిషి సోఫా సెట్ కోసం ఆ రిస్క్ తీసుకోవడం ఏమిటండీ, నాకు అర్థం కావట్లేదు.

ఎక్స్చేంజ్ అంటే ఏమిటో కూడా మీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదనిపిస్తోంది. ఇంగ్లండ్‌లో ఆ రోజు దాకా మీరూ వెనక్కి వెళ్లొచ్చు, అమ్మేవాళ్లూ వెళ్లొచ్చు. అప్పటిదాకా సర్వే, సెర్చ్‌లు (ఇంటి గురించి కౌన్సిల్ వగైరా రికార్డుల తనిఖీ), అప్పటికి అయిన ఫీజుల ఖర్చు తప్ప పోయేదేం లేదు. ఆ రోజు దాటితే కట్టుబడిపోయినట్టే. తర్వాత డబ్బు సర్దలేక కంప్లీషన్ తేదీ (మిగతా డబ్బంతా కట్టి తాళాలు తీసుకునే రోజు) తప్పిపోతే, వాళ్లు నోటీస్ ఇస్తారు, మామూలు కాంట్రాక్టుల్లో 10 పనిదినాలు గడువు, అదీ దాటితే మీ 32,000 డిపాజిట్ వాళ్లు ఉంచేసుకోవచ్చు. నష్టం అంతకంటే ఎక్కువైతే అదీ అడగొచ్చు. పోయినేడాది ఒక జంట నా దగ్గరికి కంప్లీషన్ స్టేట్‌మెంట్ పట్టుకుని వచ్చారు, ఒకే ఒక్క పేజీ: పైన ఇంటి ధర, దాని కింద పన్ను, రిజిస్ట్రీ ఫీజు, సెర్చ్‌లు, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ ఖర్చు, చిట్టచివర మీరు పంపాల్సిన మొత్తం. ఆ చివరి అంకె వాళ్లు అనుకున్నదానికంటే 11,000 ఎక్కువ, గడువు నాలుగు రోజులు. ఆయన ఫోన్‌లో బావమరిది నంబర్ తీసి పెట్టుకున్నారు కానీ ఎంతసేపటికీ డయల్ చేయలేకపోయారు. అప్పటికి ఎక్స్చేంజ్ అయిపోయింది. మీకింకా కాలేదు, ఆ ఒక్క అదృష్టం ఉంది.

నేను అసలు అడగాల్సిన మాట వేరే ఉంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎమర్జెన్సీ ఫండ్ అన్న మాటే లేదు. నెలకి వాయిదా 1,500, మొత్తం ఇంటి ఖర్చు 2,900 అని రాశారు. ఆరు నెలలకి 17,400. మీలా ఒక్క జీతం మీద, వీసా మీద ఉన్నవాళ్లకి నేను అంతకంటే ఒక్క పౌండ్ తగ్గించను. మీ వీసాకి స్పాన్సర్ చేసిన కంపెనీలో ఉద్యోగం పోతే హోం ఆఫీస్ (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) మామూలుగా ఇచ్చే గడువు 60 రోజులు. ఆ రెండు నెలల్లో కొత్త స్పాన్సర్ దొరకాలి, అందాకా మార్ట్‌గేజ్ కట్టాలి, పాపకి పాలు కొనాలి. పబ్లిక్ ఫండ్స్ మీకు వర్తించవు, కాబట్టి ప్రభుత్వం ఇచ్చే చాలా భృతులు మీకు రావు. ఇల్లు అమ్ముదామన్నా 60 రోజుల్లో అమ్ముడు పోవడం కష్టం. అద్దె ఇల్లయితే ఖాళీ చేసి తక్కువలో సర్దుకోవచ్చు, సొంత ఇల్లయితే ఆ వెసులుబాటు లేదు. అందుకే సొంత ఇల్లు కొనేవాళ్లకి ఈ ఫండ్ ఇంకా ఎక్కువ కావాలంటాను, మనవాళ్లు మాత్రం సరిగ్గా ఆ రోజే ఉన్నదంతా ఊడ్చి పెట్టేస్తారు.

ఆ డబ్బు డిపాజిట్‌తో కలిపి ఒకే ఖాతాలో ఉండకూడదు. వేరే ఖాతా, కార్డు లేని ఖాతా, అడిగిన రోజు తీసుకోగలిగేది. సొలిసిటర్‌కి పంపే డబ్బులో అది లెక్కకే రాకూడదు. 38,000లో 17,400 పక్కన పెడితే మిగిలేది 20,600, దాంతో ఈ ఇల్లు ఈ ధరకి ఈ నెలలో కుదరదు. మీకు నచ్చదని తెలుసు, అయినా లెక్క అదే చెబుతోంది. ఆ లోటుకి పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డ్, బావగారి చేబదులు, బంగారం తాకట్టు అని ఇంకో ఉత్తరం రాయకండి, వాటన్నిటికీ నా జవాబు వద్దు అనే.

మరి ఏం చేయాలి? ఎక్స్చేంజ్ వాయిదా వేయమని రేపు పొద్దున్నే సొలిసిటర్‌కి ఫోన్ చేసి, ఫ్లాట్ సంగతి పూర్తిగా చెప్పండి. కంప్లీషన్ నాటికి ఆ వాటా మీ పేరున లేకపోతే అదనపు 5 శాతం ఉండదు, 6,000తో పోతుంది, రాయితీ మాత్రం తిరిగి రాదు. నాన్నగారితో మాట్లాడి నిజంగా అమ్మే ఉద్దేశం ఉంటే అప్పుడు ఇల్లు కొనడం, ఫండ్ పెట్టుకోవడం రెండూ కుదరొచ్చు, కాకపోతే రెండు దేశాల పన్ను లెక్క చూసుకున్నాకే. హడావిడిగా నాన్నగారి పేరుకి రాసిచ్చేద్దాం అనుకోకండి, ముందు పన్ను సలహాదారుని అడగండి. అమ్మేవాళ్లు ఆగకపోతే ఈ ఇల్లు పోతుంది, పోనివ్వండి, ఇంకోటి దొరుకుతుంది.

సొలిసిటర్ని మార్చక్కర్లేదు. ఇప్పుడు మారిస్తే కొత్తవాళ్లు మళ్లీ మొదటి నుంచి చూస్తారు, ఫీజు రెండుసార్లు. 750 అన్నది వాళ్ల పనికి, మిగతాది సెర్చ్‌లు, బ్యాంక్ తరఫు పని, వ్యాట్. కొటేషన్ రెండో పేజీలో ఉండే ఉంటుంది, చూడండి. ఇల్లు ఎలా ఉందో వాళ్లు చూడరు, కాబట్టి సర్వే డబ్బులు తగ్గించుకోకండి. బిల్డింగ్ ఇన్సూరెన్స్ ఎక్స్చేంజ్ రోజు నుంచే మొదలవ్వాలి, మీ పేరు మీద టర్మ్ పాలసీ కూడా ఆలోపు తీసుకోండి. ఇంకొకటి, డబ్బు పంపే వారంలో ‘మా బ్యాంక్ ఖాతా మారింది’ అని మెయిల్ వస్తే నమ్మకండి. మొదటి రోజు ఇచ్చిన లెటర్ మీదున్న నంబర్‌కి మీరే ఫోన్ చేసి, ఖాతా అంకెలు ఒక్కొక్కటే చదివించుకుని, ఆ తర్వాతే పంపండి.