సినిమా ప్రశ్నలు – జవాబులు: ఈవ్‌ని చార్లెస్ ఎందుకు పోల్చుకోలేదు?

ప్రశ్న: 1941లో వచ్చిన ‘ద లేడీ ఈవ్’ చూశానండి. ఓడలో పేకాటలో జనాన్ని ముంచే జీన్‌ని చార్లెస్ ప్రేమిస్తాడు, నిజం తెలిసి వదిలేస్తాడు. కొన్నాళ్లకి అదే అమ్మాయి ఇంగ్లీషు దొరసాని ఈవ్‌నంటూ వాళ్లింటికే వస్తే గుర్తుపట్టడు! విగ్గు లేదు, కనీసం ఓ పుట్టుమచ్చైనా పెట్టుకోలేదు. ఇంత పేరున్న సినిమాలో లాజిక్ ఇలా ఎలా వదిలేశారు?

జవాబు: వదిలేయలేదండి, కావాలనే అలా పెట్టారు, నన్నడిగితే సినిమా మొత్తం ఆ ఒక్క పాయింట్ మీదే నడిచింది. డైరెక్టర్ ప్రెస్టన్ స్టర్జెస్ స్క్రిప్టు కూడా తనే రాసుకున్నాడు. చార్లెస్ వెంటే ఉండే మగ్సీ, ఇది ఆ పిల్లే బాబూ అని మొత్తుకుంటూనే ఉంటాడు కదా, దానికి చార్లెస్ ఏమంటాడో ఈసారి జాగ్రత్తగా వినండి. ఇద్దరూ ఇంత ఒకేలా ఉన్నారంటే ఒకళ్లయ్యే ఛాన్సే లేదంటాడు, మోసం చేయడానికొచ్చిన మనిషైతే జుట్టుకి రంగైనా వేసుకునేది, నన్నెప్పుడూ చూడనట్టు నటించేది, ఈవిడేమో మిమ్మల్నెక్కడో చూసినట్టుందే అంటోంది అంటాడు. అంటే జీన్ వేషం మార్చకపోవడమే అసలు వేషం. అనుమానించేవాడు ఏం వెతుకుతాడో ముందే తెలుసుకుని అది లేకుండా చేసింది, పైగా అతని తెలివినే అతని మీదకి తిప్పింది.

కానీ అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. సినిమా మొదట్లో ఓడ డైనింగ్ హాల్ సీను గుర్తుందా, జీన్ చేతిలో చిన్న అద్దం పట్టుకుని వెనకున్న హాలంతా చూస్తూ, చార్లెస్ కోసం ఏ అమ్మాయి ఏం వేషాలేస్తోందో కామెంట్రీ చెప్తూ ఉంటుంది, అతనేమో పాముల పుస్తకంలోంచి తలెత్తడు. ఒకళ్లు మనుషుల్ని చదవడమే వృత్తిగా ఉన్నవాళ్లు, ఇంకొకళ్లు అమెజాన్‌లో ఏడాది పాటు పాముల్ని చూసొచ్చి పక్కనున్న మనిషిని మాత్రం చూడలేనివాళ్లు, ఇది అక్కడే చెప్పేశారు. అతని లెక్కలో ఆడవాళ్లు రెండే రకాలు, మంచివాళ్లు, చెడ్డవాళ్లు. జీన్ చెడ్డది, ఈవ్ గొప్పింటి మంచమ్మాయి, మరి ఇద్దరూ ఒకళ్లెలా అవుతారు? కళ్లు బాగానే ఉన్నాయండి, ఆ లెక్కే అతన్ని చూడనివ్వలేదు. ఓడలో జీన్, ఆమె తండ్రి పేకాట మోసగాళ్లని చూపించే ఫోటో బయటపడ్డప్పుడు జీన్ అతనితో అనేది కూడా ఇదే, మంచివాళ్లు నువ్వనుకున్నంత మంచివాళ్లు కారు, చెడ్డవాళ్లూ అంత చెడ్డవాళ్లు కారు అని. ఆ ముక్క చెప్పేటప్పుడు జీన్‌గా చేసిన బార్బరా స్టాన్విక్ మొహం చూడండి, అప్పటిదాకా అంత హుషారుగా ఉన్న అమ్మాయి ఒక్కసారిగా ఎలా అయిపోతుందో! పాపం ఆ పిల్ల అప్పటికే నిజంగా ప్రేమించింది, సొంత తండ్రి చేతిలో అతను పేకాటలో మునిగిపోకుండా అడ్డం పడింది, న్యూయార్క్ చేరేలోపు నిజం చెప్పేద్దామనుకుంది. చెప్పే ఛాన్స్ రాకముందే ఫోటో వచ్చింది. అబద్ధాలన్నీ నమ్మినవాడు ఉన్న ఒక్క నిజాన్నీ నమ్మలేదు, ఆ తర్వాత ఆమె పగబట్టిందంటే నాకైతే తప్పనిపించదు. చార్లెస్‌గా చేసిన హెన్రీ ఫోండా సోఫా మీంచి పడ్డా, పరదాలు మీదేసుకున్నా మనం పడీ పడీ నవ్వుతాం కానీ ఆ నవ్వు కింద ఈ నొప్పి ఉండబట్టే ఇన్నేళ్లయినా సినిమా పాతబడలేదు.

ప్రశ్న: అప్పట్లో హాలీవుడ్‌లో సెన్సారు చాలా గట్టిదంటారు, మరి మోసగత్తెకి శిక్ష పడకుండా హ్యాపీ ఎండింగ్ ఎలా ఒప్పుకున్నారు?

జవాబు: 1934 నుంచి ప్రొడక్షన్ కోడ్, అంటే సినిమాల్లో ఏం చూపించొచ్చో ఏం కూడదో చెప్పే హాలీవుడ్ నియమాలు, గట్టిగా అమలు చేశారు, నిజమే. ఈ కథలో చిత్రం ఏంటంటే ఈవ్‌గా ఆమె చార్లెస్‌ని పెళ్లి చేసేసుకుంది. చివర్లో ఆమె మళ్లీ జీన్‌గా ఓడలో కలిసినప్పుడు, కేబిన్‌లో అతను నాకు పెళ్లయిపోయిందని గిల్టీగా చెప్తే, నాకూ అయింది అంటుంది. వాళ్లిద్దరూ మొగుడూపెళ్లాలే, ఆ సంగతి అతనికొక్కడికే తెలీదు, ఇంక తప్పెక్కడుంది!

ప్రశ్న: ఇలాంటిదే ఇంకో సినిమా చెప్పండి.

జవాబు: ఎర్నస్ట్ లూబిచ్ తీసిన ‘ట్రబుల్ ఇన్ ప్యారడైజ్’, 1932. కోడ్ గట్టిపడకముందు వచ్చింది కాబట్టి చాలా స్వేచ్ఛగా ఉంటుంది, అందుకే 1935లో మళ్లీ రిలీజ్ చేద్దామంటే పర్మిషన్ దొరకలేదు. వెనిస్‌లో ఒక బ్యారన్, ఒక కౌంటెస్ డిన్నర్‌కి కలుస్తారు, ఇద్దరూ దొంగలే, భోంచేస్తూనే ఒకళ్ల వస్తువులు ఒకళ్లు కొట్టేస్తారు, బయటపడ్డాక కోపం రాకపోగా ప్రేమ పుడుతుంది. చార్లెస్, జీన్‌లకి కుదరనిది వీళ్లకి మొదటి రాత్రే కుదిరింది, ఎందుకంటే ఎదుటి మనిషి ఏంటో ఇద్దరికీ తెలుసు. తర్వాత ప్యారిస్‌లో సెంటు కంపెనీ యజమానురాలు మధ్యలోకొస్తుంది, అక్కడ్నుంచి మీరే చూడండి, ఆ బ్యారన్‌గా చేసిన హెర్బర్ట్ మార్షల్ ఇద్దరాడవాళ్ల మధ్య నలిగే తీరు చాలా బావుంటుంది.