ఇంటికి పెద్దకొడుకు, నిద్ర లేదు, ఎవరికీ చెప్పడు

ప్రశ్న: మేం ఆక్లాండ్‌లో ఉంటాం. నాతో గోడౌన్‌లో పనిచేసే స్నేహితుడిది పసిఫిక్ ద్వీప దేశమైన సమోవా, 38 ఏళ్లు, ఇంటికి పెద్దకొడుకు. కొన్ని నెలలుగా నిద్ర లేదు, ఛాతీ బరువుగా ఉందంటాడు, ఊరికే కోపం, శని, ఆదివారాలు తాగుడు. డాక్టర్‌కి చూపించుకోమంటే ‘మగాడిని, నాకేం కాదు’ అంటాడు. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఛాతీ సంగతి చూడండి. టెన్షన్ వల్లేలే అని వదిలేయొద్దు. న్యూజిలాండ్‌లో ఉండే పసిఫిక్ ద్వీపాల వాళ్లలో షుగర్, గుండెజబ్బులు ఎక్కువ, అందుకని ఈ ఒకటి రెండు రోజుల్లోనే జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర ఈసీజీ, బీపీ, షుగర్ చూపించాలి. నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే అత్యవసర నంబర్ 111కి ఫోన్ చేయండి. మనసు బాగాలేదంటే కదలని మగవాళ్లు గుండె పరీక్షంటే వస్తారు. అక్కడే నిద్ర గురించి, తాగుడు గురించి కూడా అడగమని జీపీకి చెప్పొచ్చు. తాగితే నిద్ర పట్టినట్టే ఉంటుంది కానీ మధ్యరాత్రి మెలకువొచ్చేస్తుంది, దిగులూ పెరుగుతుంది.

ఇక అతని మీదున్న బాధ్యతల బరువు సంగతి. సమోవా ఇళ్లలో పెళ్లి, చావు, మతాయ్ (కుటుంబ పెద్ద) బిరుదు వేడుక ఏది వచ్చినా బంధువులంతా డబ్బు వేసుకోవాలి, దాన్ని ఫఅలవేలవే అంటారు, చర్చికి ఇచ్చేది వేరు. సంపాదించే పెద్దకొడుకు చేయి ముందుండాలని చూస్తారు. కుటుంబానికి సేవ చేసినవాడికే అక్కడ పెద్దరికం, కాబట్టి అతన్ని నలిపేస్తున్నదీ, తలెత్తుకు తిరిగేలా చేస్తున్నదీ ఒకటే. అందుకే ‘డబ్బు ఇవ్వడం మానేయ్’ అని మాత్రం అనకండి, మీతో మాట్లాడటమే మానేస్తాడు. ఈసారి ఎంత ఇవ్వగలవు, మిగతాది ఎవరు పంచుకుంటారు అని అడగండి.

అతనికి అక్కో చెల్లెలో ఉందా? సమోవాలో అన్నాచెల్లెళ్ల, అక్కాతమ్ముళ్ల బంధం పవిత్రమైనది, సోదరి మాటను తేలిగ్గా తీసేయరు. అతను సరేనంటేనే ఆమెతో మాట్లాడండి. కానీ ముసలి తల్లిదండ్రుల చాకిరీ చాలా ఇళ్లలో ఆమె మీదే ఉంటుంది, ఆమె నిద్ర గురించి అడిగే నాథుడు ఉండడు, ఇతని బాధ్యత కూడా ఆమె నెత్తిన పెట్టేయకండి.

న్యూజిలాండ్‌లో 2003–04 జాతీయ సర్వేలో తీవ్రమైన మానసిక సమస్య ఉన్న పసిఫిక్ ప్రజల్లో ఆ ఏడాది దాని కోసం వైద్య సహాయం తీసుకున్నది 25 శాతమే, దేశం మొత్తం మీద 58 శాతం. పాత లెక్కే, అయినా నాకు బాధగానే ఉంది. పసిఫిక్ వాళ్లు నడిపే మానసిక ఆరోగ్య సేవలు ఆక్లాండ్‌లో ఉన్నాయి, అక్కడికి పంపమని జీపీని అడగండి. మానసిక ఆరోగ్య నిపుణుడు పులోటు-ఎండెమన్ రూపొందించిన ఫోనోఫాలే నమూనాలో మనిషి ఆరోగ్యాన్ని సమోవా ఇల్లులా చూస్తారు, కుటుంబం పునాది, సంస్కృతి పైకప్పు. కుటుంబాన్ని పక్కన పెట్టని వైద్యమైతే అతను నిలబడి చేయించుకుంటాడు.

చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, మానసిక సహాయం అందించే 1737 నంబర్‌కి ఫోన్ లేదా మెసేజ్ చేయండి, రాత్రీ పగలూ ఉచితం. ప్రాణాపాయం అనిపిస్తే 111.