నలభై రెండో రోజు సాయంత్రం

ప్రశ్న: మా అన్న సెంటర్‌లో నెలన్నర ఉండి మందు మానేసి వచ్చాడు. మళ్లీ మొదలుపెట్టకుండా ఉండాలంటే కౌన్సెలింగ్‌కు తిరుగుతూనే ఉండాలా? మనసు గట్టిగా ఉంటే సరిపోదా?

మనసు గట్టిగా ఉండాలి అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మా గల్లీలో ఏటా అయ్యప్ప మాల వేసుకునేవాళ్లను చూస్తుంటాను. వాళ్లలో సగం మంది మిగతా రోజుల్లో పొద్దు గూకగానే వైన్స్ ముందు నిలబడేవాళ్లే. మాల మెడలో పడిందంటే నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు. చలిలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. ఇంతకంటే గట్టి మనసు ఎక్కడ దొరుకుతుంది? శబరిమల నుంచి వచ్చి మాల తీస్తారు, ఆ రాత్రే హాఫ్ మూత తీస్తారు. నేనూ రెండేళ్లు అట్లనే చేశాను. నలభై రెండో రోజు సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో మాకెవరూ చెప్పలేదు.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. పదహారేళ్లు తాగాను. ఒకసారి మానేసి ఎనిమిది నెలలకు పడ్డాను, లేచి నాలుగేళ్లు దాటింది. నాకు తెలిసిందంతా ఆ పడ్డప్పుడు తెలిసిందే, అందుకే అదే చెబుతాను.

సెంటర్ నుంచి వచ్చాక మూడు నెలలు కౌన్సెలింగ్‌కు వెళ్లి, బాగైపోయాను కదా అని ఆపేశాను. ఇంతలో పరకాల దగ్గర మా మేనమామ పోయాడు. చావు రోజు అంత ఏడుపులో కూడా తాగలేదు. దాంతో నా మీద నాకు నమ్మకం ఎక్కువైంది. పెద్ద దినానికి మామ కొడుకు, అంటే మా బావ, కారు తీసుకొచ్చి రమ్మంటే బండి ఇంట్లో పెట్టి ఎక్కాను. మధ్యాహ్నం మూడు దాటినా అన్నాలు కాలేదు. చింతచెట్టు కింద టార్పాలిన్, ఒక పక్క మేకపోతు కూర డేగిసా, ఇంకో పక్క తాటికల్లు లొట్లు. మామ పేరు మీద ఫొటో ముందు కల్లు వంపి సాక పోశారు. బావ మోదుగాకు దొప్ప నిండా వంపి నా చేతిలో పెట్టాడు.

"బామ్మర్దీ, మా బాపు నిన్ను సంకన ఏసుకొని తిప్పిండు. ఆయన పేరు మీద ఒక్క గుటక తాగవా? ఇదేమన్న మందా, కల్లే గదా."

అందరూ నా వైపే చూస్తున్నారు. దొప్ప అంచు మీద నుంచి నురగ కారి నా చెప్పుల మీద పడింది. తాగాను. ఏమీ కాలేదు. కూర బాగుందని రెండుసార్లు వేయించుకున్నాను కూడా. రాత్రి తొమ్మిదికి హన్మకొండ చౌరస్తాలో దిగాను. ఎనిమిది నెలలు గంగలో కలిసినయ్, ఎట్లాగూ చెడ్డాను, ఇంకా కాపాడుకునేది ఏముంది అనుకుంటూ క్వార్టర్ తీసుకున్నాను. దొప్పెడు కల్లు కంటే ఆ "ఎట్లాగూ చెడ్డాను" అనే మాటే నన్ను ముంచింది. పంతొమ్మిది రోజులు తాగుతూనే ఉన్నాను.

మళ్లీ కౌన్సెలర్ మేడం దగ్గరికి వెళితే, ఎందుకు తాగారు అని అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర పది జవాబులు తయారుగా ఉన్నాయి. "ఆ రోజు నిద్ర లేచినప్పటి నుంచి చెప్పండి, టీ తాగింది కూడా వదలొద్దు" అన్నారు. చెబుతుంటే కాగితం మీద వరసగా రాసుకుంటూ పోయారు. అంతా అయ్యాక పెన్నుతో ఒక చోట సున్నా చుట్టారు. దొప్ప దగ్గర చుడతారనుకున్నాను. చుట్టింది బండి ఇంట్లో పెట్టిన చోట. కారులో ఎందుకు ఎక్కారంటే ఎండ, పెట్రోలు ఖర్చు అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి పడుకున్నాక నాకే అర్థమైంది. లొట్లు వస్తాయని నాకు తెలుసు. తాగాలని అనుకోలేదు గానీ, తాగితే అడ్డం రాకుండా అన్నీ సర్దుకునే బయలుదేరాను. సొంత బండి ఉంటే సాక పోయగానే లేచి వచ్చేవాణ్ణి.

ఇట్లా పనికిమాలినవిగా కనిపించే చిన్న నిర్ణయాల గురించి, ఆ "ఎట్లాగూ చెడ్డాను" గురించి, అమెరికాలో అలన్ మార్లాట్ అనే సైకాలజిస్టు జుడిత్ గోర్డన్‌తో కలిసి 1985లోనే పుస్తకం తెచ్చాడని మేడం చెప్పారు. ఒక్కసారి నోట్లో పోసుకోవడం వేరు, పాత తాగుడులోకి జారిపోవడం వేరు అంటాడట. ఆయన పరకాల మొహం చూసి ఉండడు గానీ మా మామ పెద్ద దినానికి వచ్చి కూర్చున్నట్టే రాశాడు.

కల్లు మందు కాదు అనేవాళ్లకు ఒక మాట. పులిస్తే అందులో ఉండేదీ ఆల్కహాలే. పైగా మన ఉత్తర తెలంగాణలో సీసాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపి ఎన్నిసార్లు పట్టుబడలేదు? 2015లో కల్తీ మీద దాడులు పెరిగి ఆ సరుకు ఆగిపోతే, నిజామాబాద్ వైపు జనం ఫిట్స్‌తో, మతి తప్పి దవాఖానల్లో చేరారు. మందు అయినా అంతే. రోజూ బాగా తాగేవాడు ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఒళ్లు వణికి, లేనివి కనబడి ప్రాణం మీదికి రావచ్చు. మీ అన్న మళ్లీ పడితే గదిలో వేసి గొళ్లెం పెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకో దరిద్రం, మందు మాన్పిస్తుందని తాగేవాడికి తెలియకుండా అన్నంలో కలిపే పొడి. ఆటోల వెనక, గోడల మీద ఫోన్ నంబర్లు ఉంటాయి కదా. మా ఆవిడ కూడా ఒకప్పుడు తెచ్చింది, పాపం. డైసల్ఫిరాం అనే మాత్ర డాక్టర్లు రాస్తారు. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. తెలిసి ఒప్పుకుని వేసుకునేవాడికి అది కాపలా. తెలియకుండా పెడితే చచ్చిపోనూవచ్చు. పొడిలో ఏముందో అమ్మేవాడికైనా తెలుసో లేదో!

సరే, ఇప్పుడు నా జేబులో ఏముందో చెబుతాను. మేడం నాతోనే రాయించిన చిట్టీ, నాలుగు మడతలు. నా ప్రమాదపు వేళ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర, మరీ ముఖ్యంగా మిర్చి సీజన్‌లో చేతిలో డబ్బు పడ్డ రోజు. బాధ కంటే సంతోషం నాకు పెద్ద గండమని అది రాస్తున్నప్పుడే తెలిసింది. ఆ రోజు మార్కెట్ నుంచి వైన్స్ లేని దారిలో వెళ్లాలి, కాస్త చుట్టు అయినా సరే. ఫంక్షన్‌కు తినే వెళ్లాలి, సొంత బండి మీదే వెళ్లాలి. ఎవరైనా పోస్తే చెప్పాల్సిన వాక్యం కూడా రాసి ఉంది: "నాకు పడదు, ఇంకోసారి అడగకు." అద్దం ముందు అనిపించారు. మొదట సిగ్గేసింది. తాగాలనిపించడం సముద్రపు అల లాంటిది, లేచి దానంతట అదే పడుతుంది అన్నారు. మేం పుట్టి పెరిగి చూసింది భద్రకాళి చెరువు, అలలు మాకేం తెలుసు! కానీ ఫోన్‌లో టైమ్ పెట్టి చూసుకున్నాను, నాకు ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది. చిట్టీ వెనక ముగ్గురి నంబర్లు, ఎవరూ ఎత్తకపోతే టెలి మానస్ 14416, అంటే సర్కారు నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. చివరి వరస మాత్రం ఎర్ర ఇంకుతో ఉంటుంది: ఒక్క గ్లాసు పడినా ఆ రాత్రే ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

కౌన్సెలింగ్ కావాలా అంటే కావాలి. మొదటి ఏడాది మరీ కావాలి. అందరు కౌన్సెలర్లూ ఇట్లా ఉంటారని చెప్పను. నేను మొదట ఉన్న సెంటర్‌లో పొద్దున భజన, రాత్రి మాత్ర, మధ్యలో టీవీ, అంతే.

మీ అన్నకు బండి ఉందా? మీరు తాళం చెవి లాక్కుని ఉంటారు, అన్ని ఇళ్లలో జరిగేదే. తాగి ఉన్నప్పుడు లాక్కోండి, అడ్డు చెప్పను. మామూలప్పుడు ఆయన దగ్గరే ఉండనివ్వండి. వచ్చే దావత్‌లో ఆయన మధ్యలో లేచి రావాలంటే అది కావాలి.