సెలవు రోజంతా మంచం మీదే ఉంటే తప్పేమిటి?

ఆదివారం ఏ పనీ చేయకుండా ఇంట్లోనే గడిపితే ఆ రోజు వృథా అయినట్టేనా అని అడిగారు. కానే కాదు. నిజంగా వృథా అయ్యేవి, "ఈ ఆదివారం అలమరాలన్నీ సర్దేద్దాం" అనుకుని మొదలుపెట్టిన ఆదివారాలు. సాయంత్రానికి అలమరాలో ఉండాల్సిన బట్టలు నేల మీద ఉంటాయి, ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తారు.

మాది కర్నూలు. వారంలో ఆరు రోజులు ఆఫీసు. కిందటి ఫిబ్రవరిలో ఒక ఆదివారం మావారు పెళ్లికని ఆదోని వెళ్లారు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, పదకొండేళ్ల మా అబ్బాయి. పొద్దున అత్తమ్మ ఉగ్గాని, అంటే నానబెట్టిన బొరుగుల ఉప్మా చేసింది, వీధి చివర బండి దగ్గరి నుంచి మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఉగ్గాని బజ్జీ తిన్న మనిషిని వెంటనే లేచి పని చేయమనడం అన్యాయం. పెరట్లో వేపచెట్టు కింద నులకమంచం వాల్చుకుని పడుకున్నాను. మధ్యాహ్నం చారన్నం తిని మళ్లీ అక్కడికే చేరాను. మా వీధిలో మగవాళ్లు ఇలా పడుకుంటే "పాపం, అలసిపోయాడు" అంటారు. నేను పడుకుంటే గోడ అవతలి నుంచి "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని ముగ్గురు అడిగారు. ఆడవాళ్లు పడుకోవాలంటే జ్వరమైనా రావాలన్నమాట.

మంచానికి నాలుగడుగుల దూరంలోనే మా టమాటా మొక్కలు. పన్నెండు ఉంటాయి, సగం నేలలో, సగం పాత రంగు డబ్బాల్లో. బాగా పండిన నాటుకాయ గింజలను అత్తమ్మ బూడిదలో కలిపి ఆరబెట్టి పోసిన నారు అది. నీళ్లు పెట్టడం నా వంతు. ఆ వారం నాలుగు రోజులు మరిచిపోయాను. శనివారం రాత్రి గుర్తొచ్చి, పాపపరిహారంగా గొట్టం పెట్టి పాదులు నిండేదాకా వదిలాను. అలా చేయకూడదట. ఎండిన మొక్క ఒక్కసారిగా నీళ్లు తాగితే కాయ లోపల ఉబ్బుతుంది, తోలు సాగలేక చిట్లుతుంది.

నాలుగు గంటలకు అత్తమ్మ చేటతో వచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. మూడు కిలోల దాకా ఉన్నాయి, ఒక్కొక్కటీ తొడిమ చుట్టూ పగిలి ఉంది.

"పగిలిన కాయ రేపటికి ఉండదు. లేస్తావా, గేదెకు వేయమంటావా?"

నిజానికి మాకు గేదె లేదు.

ఫ్రిజ్‌లో పెడదామంటారేమో. టమాటాలను ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లతో నాకు పాత తగాదా ఉంది. చలికి వాటి వాసన చచ్చిపోతుంది, ఆ తర్వాత అది ఎర్ర రంగు నీళ్ల సంచి. అందుకే సాస్ చేద్దామనుకున్నాను. మా ఊళ్లో అందుకు ఫిబ్రవరే మంచి కాలం. ఎండలు ముదిరి వేడి మరీ పెరిగిందంటే కాయలో ఎరుపు సరిగా తయారుకాదు, పసుపు కలిసిన నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది.

కాయల అడుగున కత్తితో గాటు పెట్టి, మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి, చన్నీళ్లలో వేస్తే తోలు దానంతట అదే ఊడివస్తుంది. మందపాటి స్టీలు గిన్నెలో వేరుశనగ నూనె, దంచిన వెల్లుల్లి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఒక ఎండుమిరపకాయ. తర్వాత టమాటాలు, ఉప్పు. అంతే. ఇనుప బాణలి మాత్రం వద్దు, పులుపుకు ఇనుము రుచి దిగుతుంది. టమాటాలో నూటికి 94 పాళ్లు నీళ్లే. ఆ నీళ్లు పోవాలంటే సన్నని మంట మీద గంటన్నర పడుతుంది. ఇది చురుకైన వాళ్ల వంట కాదు. వాళ్లు మంట పెంచుతారు, అడుగు మాడుతుంది, గోడంతా ఎర్ర చుక్కలు పడతాయి. నాలాంటి వాళ్లు ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, పావుగంటకోసారి గరిటె తిప్పుతారు.

అత్తమ్మది పత్తికొండ వైపు ఊరు. గిన్నెలోకి చూస్తూ ఆమె లెక్క వేరే మొదలుపెట్టింది. పత్తికొండ మార్కెట్లో కిలో రూపాయి పలికిన రోజుల్లో, కోత కూలి కూడా రాదని రైతులు గంపలకు గంపలు రోడ్డు మీద పారబోసి వెళ్లడం ఆమె చూసింది. 2023 జూలైలో అదే టమాటా కిలో వంద దాటింది. అప్పుడు అమ్ముకోవడానికి చాలామంది దగ్గర పంటే లేదు. గుజ్జు తీసే ఫ్యాక్టరీ పెట్టండని అక్కడి రైతులు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. మనం మాత్రం దుకాణంలో సీసా కొంటాం. దాని వెనక అక్షరాలు చదివితే చక్కెర ముందు వరుసలోనే కనిపిస్తుంది. అది సాస్ కాదు, టమాటా పాకం.

ఏడు గంటలకు మూడు కిలోలూ కలిసి ఒక కిలోకు లోపే తేలింది. జొన్నరొట్టెలతో పెట్టాను. మావాడు వేలితో నాకి, "ఇది సాస్ ఎలా అవుతుంది? తియ్యగా లేదు కదా!" అన్నాడు. కానీ మూడో రొట్టె అడిగాడు. అత్తమ్మ తీర్పు ఇంకా గట్టిది: "చింతపండు లేదు, పోపు లేదు, కారం లేదు. పథ్యం కూరలా ఉంది. ఇంత సేపు కూర్చున్నదానివి, వేరుశనగపప్పు వేసి ఊరుబిండి నూరినా బాగుండేది."

మిగిలినది సీసాలో పోసి మూత పెట్టి పడుకున్నాను. సోమవారం పొద్దున వంటింట్లోకి వెళ్లేసరికి సీసా ఖాళీ. నా భోజనం డబ్బాలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపుతో, నూనె తేలుతూ ఎర్రగా ఏదో ఉంది. ఎవరు చేశారని నేను అడగలేదు. ఆఫీసులో మధ్యాహ్నం నలుగురు పంచుకున్నారు, ఎలా చేశారని నన్నే అడిగారు. పడుకుని చేశానని చెప్పాను.