డిక్కీలో గంజాయి, వెనక సీట్లో తమ్ముడు

ప్రశ్న: మా తమ్ముడు నర్సీపట్నం నుంచి హైదరాబాద్‌కు డబ్బులిచ్చి షేరింగ్ కారులో వస్తుంటే టోల్‌గేటు దగ్గర పోలీసులు ఆపారు. డిక్కీలో 24 కిలోల గంజాయి దొరికిందట. వాడిని ఏ3గా (మూడో నిందితుడిగా) చేర్చి రిమాండుకు పంపారు. కారు వాడిది కాదు, డ్రైవరెవరో కూడా తెలియదు. బయటపడే దారుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దారి ఉంది. కానీ 'మావాడికేం తెలియదు' అని చెబితే సరిపోదు. సరుకు అతని స్వాధీనంలో ఉందని ప్రాసిక్యూషన్ చూపితే, తెలిసే ఉంచుకున్నాడని మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) 35, 54 సెక్షన్ల కింద కోర్టు భావిస్తుంది. కాదని చూపాల్సింది మీవాడే.

మదన్‌లాల్ కేసులో (2003) కారులోని ఐదుగురి శిక్షనూ సుప్రీంకోర్టు ఖాయం చేసింది. వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లు, ఎక్కింది ప్రజారవాణా బండి కాదు. మీవాడి పరిస్థితి దీనికి భిన్నమని కాగితాలతో చూపాలి: సీటు మాట్లాడుకున్న మెసేజీలు, యూపీఐలో కట్టిన చార్జీ, డ్రైవరు నంబరుకు అంతకుముందు ఒక్క కాల్ కూడా లేని కాల్ రికార్డు, ఎక్కిన చోటి సీసీ ఫుటేజీ. ఫుటేజీ కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. బెయిలు సంగతి తర్వాత, ముందు దాన్ని భద్రపరచమని ప్రత్యేక కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద పిటిషన్ వేయించండి.

బెయిలుకు అసలు అడ్డంకి తూకం. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. శిక్ష 10 నుంచి 20 ఏళ్లు. పైగా నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు కోర్టుకు కనబడితే తప్ప ఎన్‌డీపీఎస్ 37వ సెక్షన్ బెయిలు రానివ్వదు. అందుకే పంచనామా (సరుకు పట్టుకున్నప్పుడు మధ్యవర్తుల ఎదుట రాసే నివేదిక) లైనులైనూ చదవండి. ప్యాకెట్లను టేపు, కవర్లతో కలిపి తూచారా? పూత లేని ఉత్త ఆకు, గింజలు చట్టం దృష్టిలో గంజాయి కావు, వాటినీ కలిపారా? మేజిస్ట్రేటు ఎదుట 52ఏ సెక్షన్ కింద జాబితా, శాంపిళ్లు తీశారా? నికర తూకం 20 కిలోలకు లోపు తేలితే 37 అడ్డు తొలగిపోతుంది.

'నేరం ఒప్పుకున్నాడు' అని మధ్యవర్తుల నివేదికలో రాసుంటే బెంబేలు పడకండి. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. 67వ సెక్షన్ కింద దర్యాప్తు అధికారి తీసుకున్న వాంగ్మూలాన్ని కూడా నేరాంగీకారంగా వాడకూడదని తోఫాన్ సింగ్ తీర్పు (2020) చెప్పింది.

చాలామంది 50వ సెక్షన్ పట్టుకుని వేలాడతారు. అది ఒంటి మీద సోదాకే. డిక్కీకీ, బ్యాగుకూ వర్తించదు. మీకు పనికొచ్చేది 42వ సెక్షన్. ముందస్తు సమాచారంతో బండి ఆపామని పోలీసులే రాసుకుంటే, ఆ సమాచారాన్ని కాగితం మీద పెట్టి 72 గంటల్లో పై అధికారికి పంపి ఉండాలి. బూటాసింగ్ కేసులో (2021) ఆర్సీ ప్రకారం జీపు ప్రైవేటుది కావడంతో, రోడ్డు మీద ఆపినా 42 పాటించాల్సిందేనని కోర్టు చెప్పి నిందితులను విడిచిపెట్టింది. కారుది తెల్ల బోర్డా (ప్రైవేటు), పసుపు బోర్డా (ట్యాక్సీ) చూసుకోండి. పసుపుదైతే బహిరంగ స్థలంలో సోదాకు సంబంధించిన 43వ సెక్షన్ వర్తిస్తుందంటారు, అప్పుడు 42 వాదన నిలవడం కష్టం.

రిమాండు తేదీ రాసిపెట్టుకోండి. 180 రోజుల్లో చార్జిషీటు రాకపోతే, గడువు పొడిగించకపోతే, 181వ రోజు ఉదయమే డిఫాల్ట్ బెయిలు (గడువులో చార్జిషీటు రానందుకు హక్కుగా వచ్చే బెయిలు) పిటిషన్ పడాలి. మధ్యాహ్నం చార్జిషీటు దాఖలయ్యాక వేస్తే ఆ హక్కు పోయినట్టే.