శ్రీ తీసేస్తే రమేష్ ‘మేష్’ అయ్యాడు!

ప్రశ్న–జవాబు: ఈసారి ఫంక్షన్ల (ప్రోగ్రాముల్లో పేరు పెట్టి పిలిచే చిన్న పనుల) పేర్లు

ప్రశ్న: మా సంఘం సభ్యుల జాబితాలో పేర్ల ముందున్న ‘శ్రీ’ తీసెయ్యడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘ఎల్‌స్ట్రిప్’ వాడాను. కృష్ణమూర్తి సరిగ్గానే వచ్చాడు. రమేష్ మాత్రం ‘మేష్’ అయ్యాడు, శ్రీనివాసరావు ‘నివాసరావు’ అయ్యాడు. ఇది తెలుగు ఫాంట్ గొడవా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఫాంటుకు ఏ పాపమూ తెలియదు. ‘ఎల్‌స్ట్రిప్’ మీరిచ్చినదాన్ని ఒక మాటగా చూడదు, విడి గుర్తులు పోసిన సంచిగా చూస్తుంది. ‘శ్రీ’, దాని పక్కన ఖాళీ కలిపి దాని లెక్కలో ఐదు గుర్తులు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఖాళీ. పేరు మొదటి నుంచి మొదలుపెట్టి, ఎదురైన గుర్తు ఆ సంచిలో ఉన్నంతసేపూ చెరుపుకుంటూ పోతుంది. రమేష్‌లోని ‘ర’ కూడా సంచిలో ఉంది కదా, అదీ పోయింది. కృష్ణమూర్తి ‘క’తో మొదలవబట్టి బతికిపోయాడు. మీ జాబితాలో శంకర్ ఉంటే వెతకండి, పేరు మొదట్లో ఒంటి సున్నా వేలాడుతూ ఉంటుంది.

ఖాళీలు తీసేటప్పుడు ‘స్ట్రిప్’ (‘ఎల్’ అంటే లెఫ్ట్, ఎడమవైపు) అన్న పేరు చక్కగా సరిపోతుంది. బ్రాకెట్లో ఒక మాట పెట్టగానే అదే పేరు మోసం చేస్తుంది. ఇంగ్లీషు మాటలతోనూ ఇదే పొరపాటు చాలామంది చేశారు. అందుకే 2020లో వచ్చిన పైథాన్ 3.9లో ‘రిమూవ్‌ప్రిఫిక్స్’, ‘రిమూవ్‌సఫిక్స్’ చేర్చారు. పేరు పొడుగే, కానీ చదివినవాడికి అనుమానం మిగలదు. మీకు కావలసిన ‘రిమూవ్‌ప్రిఫిక్స్’, ఇచ్చిన మాట మొదట్లో యథాతథంగా ఉంటేనే, ఒక్కసారే తీస్తుంది. ‘శ్రీ’తో పాటు ఖాళీని కూడా ఇవ్వడం మర్చిపోకండి. లేకపోతే ముందు ‘శ్రీ’ రాయని శ్రీనివాసరావు మళ్లీ నివాసరావే అవుతాడు, ‘శ్రీమతి’ కాస్తా ‘మతి’ అవుతుంది.

ప్రశ్న: జాబితాను ‘సార్ట్’ చేసి ఆ ఫలితాన్ని వేరే పేరులో పెట్టుకుంటే ‘నన్’ (ఏమీ లేదు) అని వస్తోంది. ‘సార్టెడ్’ వాడితే బాగానే ఉంది. రెండెందుకు? మా ఆఫీసులో అందరూ వాడుకునే కోడ్ లైబ్రరీలో ఏ పద్ధతి పాటించాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ‘సార్ట్’ ఉన్న జాబితానే సర్దేసి ఊరుకుంటుంది, చేతికి ఏమీ ఇవ్వదు. అది కావాలని చేసిన ఏర్పాటే. జాబితాను తిరిగి ఇస్తే అది కొత్తదనీ, పాతది చెక్కుచెదరలేదనీ అనుకునే ప్రమాదం ఉంది. ‘సార్టెడ్’ పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త జాబితా కట్టి ఇస్తుంది. తెలుగులో అనుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది: ‘పేర్చు’, ‘పేర్చిన జాబితా’. ఆజ్ఞలా ఉన్న పేరు వస్తువును మారుస్తుంది, విశేషణంలా ఉన్నది కొత్త వస్తువు ఇస్తుంది. స్విఫ్ట్ భాషవాళ్లు దీన్ని నామకరణ నియమంగానే రాసుకున్నారు. మీరూ అదే పెట్టుకోండి. జావాస్క్రిప్ట్ ‘సార్ట్’ మాత్రం అసలు జాబితాను మార్చి, దాన్నే తిరిగి ఇస్తుంది. కొత్తది ఇచ్చే ‘టుసార్టెడ్’ అక్కడ 2023 ప్రమాణంలో గానీ రాలేదు.

ఇంగ్లీషు పేర్లలో ఇంకో గుంట ఉంది: ఒకే మాట క్రియా అవుతుంది, విశేషణమూ అవుతుంది. సీ ప్లస్ ప్లస్ భాషలో ‘ఎంప్టీ’ దేన్నీ ఖాళీ చెయ్యదు, ‘ఖాళీయేనా?’ అని అడుగుతుందంతే. ఖాళీ చేసేది ‘క్లియర్’. ఎంతమంది పొరబడ్డారో గానీ, 2020 ప్రమాణం నుంచి ‘ఎంప్టీ’ ఇచ్చిన జవాబును వాడకుండా వదిలేస్తే కంపైలర్ (ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) హెచ్చరించే వీలు కల్పించారు. జావాలో ‘ఈజ్‌ఎంప్టీ’ అన్నారు, ఆ బాధే లేదు. అవును, కాదు అని జవాబిచ్చే ప్రతి ఫంక్షన్‌కూ ముందు ‘ఈజ్’ గానీ ‘హాజ్’ గానీ తగిలించండి.

ప్రశ్న: పేరు 20 అక్షరాలు మించకూడదని గో భాషలో తనిఖీ పెట్టాం. ‘వెంకటేశ్వర్లు’ను కూడా తిప్పికొడుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: గో భాషలో స్ట్రింగ్‌కు ‘లెన్’ బైట్లు లెక్కపెడుతుంది. గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. వెంకటేశ్వర్లులో 13 గుర్తులు, అంటే 39. పైథాన్ ‘లెన్’ ఇదే పేరుకు 13 అంటుంది. మనం పలికే లెక్కలో అయిదే అక్షరాలు! గోలో ‘రూన్‌కౌంట్‌ఇన్‌స్ట్రింగ్’ వాడితే 13 వస్తుంది, తనిఖీ గట్టెక్కుతుంది. మీరు సొంతంగా రాసే ఫంక్షన్‌కు ఉత్త ‘లెంగ్త్’ అని పెట్టకండి. ‘బైట్‌కౌంట్’ అనండి. కాలానికీ ఇంతే: ‘స్లీప్’కి 5 ఇస్తే పైథాన్ 5 సెకన్లు ఆగుతుంది, జావా 5 మిల్లీసెకన్లు. కొలత ఏదో పేరులోనే ఉండాలి.

ప్రశ్న: తప్పు పేరు పెట్టేశాం, నాలుగు టీములు వాడేస్తున్నాయి. ఇప్పుడు మార్చవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మార్చవచ్చు, కానీ పాత పేరును ఒక్కసారిగా పీకెయ్యకూడదు. జావాస్క్రిప్ట్‌లో వాక్యం మొదట్లోని ఖాళీలు తీసే ‘ట్రిమ్‌లెఫ్ట్’ ఉండేది. ఉర్దూ వాక్యం మొదలయ్యేది కుడివైపున. కాబట్టి ‘లెఫ్ట్’ అన్న మాట అక్కడ అబద్ధం. 2019లో ‘ట్రిమ్‌స్టార్ట్’ తెచ్చారు, పాత పేరునూ పని చెయ్యనిచ్చారు.

పైథాన్‌లో అయితే ముందు కొత్త పేరుతో ఫంక్షన్ రాయండి. పాతది దాన్నే పిలిచేలా చేసి, అందులో ‘డెప్రికేషన్‌వార్నింగ్’ (ఈ పేరు ఇక వాడొద్దనే హెచ్చరిక) పెట్టండి. ఆ హెచ్చరిక పెట్టేటప్పుడు ‘స్టాక్‌లెవెల్’కి 2 ఇస్తే హెచ్చరిక మీ లైబ్రరీ లైనును కాక, పిలిచినవాళ్ల లైనును చూపిస్తుంది. ఏ వెర్షన్‌లో పాత పేరు పోతుందో ఆ హెచ్చరికలోనే రాయండి. అన్నట్టు, ఈ హెచ్చరికలు నేరుగా నడిపే ఫైల్లో తప్ప మిగతా చోట్ల మామూలుగా కనబడవు. టెస్టులు నడిపేటప్పుడు వాటిని ఎర్రర్లుగా మార్చమని నాలుగు టీములకూ చెప్పండి. పాత పేరును అలాగే ఉంచి లోపల పనితీరు మార్చే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, అప్పుడు ఏ హెచ్చరికా రాదు, లెక్కలు మాత్రం తప్పుతాయి.